గురి యెవరిది? – ఢిల్లీ లక్ష్యములు, కాకినాడ ప్రయోగము

కొత్తఢిల్లీ కార్యాలయములలో పనిచేయు తెలుగువారికి ‘లక్ష్యము’ అను మాట క్రొత్తది కాదు. ఆర్థిక సంవత్సరము ఆరంభమున ఒక అంకె పైనుండి వచ్చును. మార్చి నెలాఖరున దాని ప్రక్క మరియొక అంకె వ్రాసి పైకి పంపవలెను. ఈ రెండు అంకెల నడుమ జరిగినది పని యని లెక్క. ఒక్కొక్కప్పుడు నిజముగనే పని జరుగును.

కొలువదగిన లక్ష్యమును ముందుగా నిర్ణయించుకొని, దానికి గడువు పెట్టుకొని, మధ్యమధ్య ఎంత దూరము వచ్చితిమో చూచుకొనుట అను పద్ధతి నేడు ప్రపంచమంతట వ్యాపించినది. దానిని నేర్పుటయే జీవనోపాధిగా గలవారు పెద్ద నగరములన్నిట కలరు. గురుగ్రాములోను, నోయిడాలోను వారికి కొదువ లేదు. వారు చెప్పు పాఠములో ముఖ్యమైన భాగమొకటి 60 ఏండ్లకు పూర్వము తెలుగుగడ్డమీద, కాకినాడ వర్తకుల నడుమ పరీక్షింపబడినదని ఎరిగినవారు తక్కువ. ఆ పరీక్షను నడపిన సంస్థ పుట్టినది ఢిల్లీలో, పెరిగినది హైదరాబాదులో. ఆ కథ చెప్పవలెనన్నచో, ముందుగా ఢిల్లీకి అంకెలమీద మక్కువ ఎట్లు కలిగినదో కొంత చెప్పుకొనక తప్పదు.

ఈ దేశపు ఆదాయమునకు అంకె కట్టి, గడువు పెట్టి మాటాడిన తొలివారిలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగా రొకరు. వారి పూర్వుల ఊరు ఆంధ్రదేశమందలి మోక్షగుండము. ఇంటిపేరు ఆ సంగతిని నేటికిని చాటుచున్నది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట నిజాము ప్రభుత్వము రప్పించుకొన్న ఇంజనీరు వారే. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా నున్న కాలమున కార్యాలయముల పనితీరును తరచి చూచు తనిఖీ నొకదానిని వారు ప్రవేశపెట్టిరి. 1934లో ప్రకటించిన తమ గ్రంథమున, పది సంవత్సరములలో జాతీయాదాయము రెండింతలు కావలెనని వ్రాసిరి. అప్పటికి దేశము పరాధీనము. లక్ష్యము పెట్టుటకు మేధ యుండెను గాని, దానిని నెరవేర్చుటకు చేతిలో ప్రభుత్వము లేదు. గురి ఒకచోట, విల్లు మరియొకచోట నుండుట ఈ చరిత్రలో ఇది మొదటిసారి, చివరిసారి కాదు.

స్వాతంత్ర్యము వచ్చెను. 1950 మార్చిలో ప్రణాళికా సంఘము ఏర్పడెను. ఇక ధాన్యము, ఉక్కు, సిమెంటు, విద్యుచ్ఛక్తి, పాఠశాలలు – అన్నింటికిని ఐదేండ్ల అంకెలు పడినవి. మొదటి ప్రణాళిక (1951–56) ఏడాదికి 2.1 శాతము పెరుగుదలను ఆశించి 3.6 శాతము సాధించెను. వానలు కలసివచ్చుటయు దానికొక కారణము. మూడవ ప్రణాళిక (1961–66) 5.6 శాతమునకు గురిపెట్టి, దాదాపు అందులో సగముతో సరిపెట్టుకొనెను. 1962లో చైనాతోను, 1965లో పాకిస్తానుతోను యుద్ధములు వచ్చినవి. 1965–66లో వానలు లేవు. గెలిచినప్పుడు మేఘమునకు, ఓడినప్పుడు మేఘమునకే పేరు చెప్పవలసి వచ్చెను. లక్ష్యము నిర్ణయించినవాని చేతిలో ఎంత యున్నది, ఎంత లేదు అను ప్రశ్న ఆనాటి ప్రణాళికా పత్రములలో పెద్దగా వినబడదు.

ఇది దేశపు మాట. కార్యాలయపు మాట వేరు. 1953లో అమెరికను పండితుడు పాల్ ఆపిల్‌బీ భారత పరిపాలనపై నివేదిక సమర్పించెను. దాని ఫలితముగ 1954 మార్చిలో కొత్తఢిల్లీలో భారతీయ ప్రజాపరిపాలన సంస్థ వెలసెను. మంత్రిమండలి సచివాలయమున ‘ఆర్గనైజేషన్ అండ్ మెథడ్స్’ విభాగము ఏర్పడెను. గుమాస్తాల వాడుకలో అది ‘ఓ అండ్ ఎమ్’. సెక్షనుకు ఎన్ని కాగితములు వచ్చినవి, ఎన్ని పరిష్కారమైనవి, ఎన్ని మిగిలినవి అని లెక్క వ్రాయుట అలవాటైనది. మంచి అలవాటే. కాని ఆ పట్టికలను పూర్తిచేసిన చేతులకు ఒక రహస్యము త్వరలోనే బోధపడెను. ఫైలుపై ఒక చిన్న ప్రశ్న వ్రాసి మరియొక శాఖకు పంపినచో బల్లమీది బరువును తగ్గును, పట్టికలోని అంకెయు తగ్గును. అర్జీ పెట్టుకొన్న పెన్షనుదారు మాత్రము వేచియే యుండును.

ఆ దశాబ్దముననే ‘ఉత్పాదకత’ అను మాట ఢిల్లీకి వచ్చెను. 1956లో విక్రమ్ సారాభాయి నాయకత్వమున ఒక బృందము జపానుకు పోయి, యుద్ధముచే చితికిపోయిన ఆ దేశము కర్మాగారములలో పనిని ఎట్లు మెరుగుపరచుకొనుచున్నదో చూచి వచ్చెను. 1958 ఫిబ్రవరి 12వ తేదీన జాతీయ ఉత్పాదకతా మండలి స్థాపింపబడెను. నేడు దాని ప్రధాన కార్యాలయము లోడీ రోడ్డునందున్న ఉత్పాదకతా భవనము. ప్రభుత్వము, యజమానులు, కార్మిక సంఘములు ముగ్గురిని ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టుట ఆ మండలి ప్రత్యేకత. దీనికి కారణము లేకపోలేదు. ఉత్పాదకత యనగానే కార్మికుడు ‘ఎక్కువ బరువు, తక్కువ ఉద్యోగములు’ అని అర్థము చేసికొనెడివాడు. ఆ భయము నిరాధారమైనదియు కాదు. 1952 నుండి 1954 వరకు కేంద్ర కార్మికమంత్రిగా నున్న వి.వి. గిరిగారు, పైనుండి వచ్చు తీర్పులకంటె యజమానియు కార్మికుడును కూర్చుండి మాటాడుకొని కుదుర్చుకొన్న ఒప్పందమే మేలని పట్టుపట్టినవారు. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై వచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, మంత్రిపదవినే వదలుకొనిరి. లక్ష్యము ఎంత అనుటకంటె, దానిని ఎవరు ఒప్పుకొనిరి అనునది ముఖ్యమని వారి నడవడిలో కనిపించును.

ఇక అసలు కథ. 1960లో వాణిజ్య పరిశ్రమల మంత్రిత్వశాఖ క్రింద కొత్తఢిల్లీలో ఒక శిక్షణ సంస్థ ఏర్పడెను. చిన్న పరిశ్రమలకు సలహాలిచ్చు అధికారులకు తర్ఫీదునిచ్చుట దాని పని. రెండేండ్లకే, అనగా 1962లో, దానిని హైదరాబాదునకు తరలించి, చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ యను పేరు పెట్టిరి. ఇంగ్లీషు పొడి అక్షరములతో ‘సియెట్’ అని పిలిచెడివారు. యూసఫ్‌గూడలో నేటికిని ఉన్నది. 2007 నుండి దాని పేరు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. ఢిల్లీనుండి కార్యాలయము తరలిపోవుట సామాన్యముగ ఉద్యోగులకు సంతోషము కలిగించు వార్త కాదు. కాని ఆ తరలింపు లేకున్నచో కాకినాడ పేరు ప్రపంచ మనస్తత్వశాస్త్ర గ్రంథములకు ఎక్కెడిది కాదేమో.

ఆ రోజులలో హార్వర్డు విశ్వవిద్యాలయమున డేవిడ్ మెక్లెలాండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞు డుండెను. దేశములు అభివృద్ధి చెందుటకు గనులు, భూములు, మూలధనము మాత్రమే చాలవనియు, ఏదో ఒకటి మునుపటికంటె మేలుగా చేసి చూపవలెనను పట్టుదల జనులలో కొందరికైన నుండవలెననియు అతని వాదము. 1961లో వెలువడిన అతని గ్రంథము ఆ వాదమును లోకమున చాటెను. ఆ పట్టుదలను కొలుచుటకు అతడు వాడిన సాధనము విచిత్రమైనది. ఒక బొమ్మను చూపి దానిమీద కథ వ్రాయమనును. బల్లముందు కూర్చున్న మనుష్యుని బొమ్మ యనుకొందము. ఒకడు ‘ఇతడు ఇంటిని తలచుకొని దిగులుపడుచున్నాడు’ అని వ్రాయును. మరియొకడు ‘ఇతడు వంతెన కట్టుటలో వచ్చిన చిక్కును విప్పుచున్నాడు’ అని వ్రాయును. కథను బట్టి వ్రాసినవాని మనస్సు ఎటు పోవుచున్నదో గ్రహింపవచ్చునని అతని పద్ధతి.

అతని ప్రయోగములలో ఒక ఆట కలదు. నేలపై ఒక గుంజ పాతి, రింగు లిచ్చి, ‘మీ కిష్టమైనంత దూరమున నిలిచి విసరుడు’ అందురు. కొందరు గుంజకు ఆనుకొని నిలిచి వేయుదురు. తప్పు పోదు, గొప్పయు లేదు. కొందరు గది చివరకు పోయి విసరుదురు. పడినచో అదృష్టము, పడకున్నచో నవ్వు. పట్టుదల గలవారు మాత్రము కొంచెము వెనుకకు, కొంచెము ముందునకు జరిగి, శ్రమపడినచో తగులునంత దూరమును వెదకికొందురు. తగిలిన కొలది మరి రెండడుగులు వెనుకకు జరుగుదురు. కొలువదగిన లక్ష్యమును గూర్చి తర్వాతి కాలమున వ్రాసిన లావుపాటి పుస్తకము లెన్నింటికో ఈ ఆటయే సారాంశము.

అయితే ఒక చిక్కు. ఈ పట్టుదల చిన్ననాటనే తల్లిదండ్రుల పెంపకముచే కలుగునని అప్పటివరకు పలువురు నమ్మిరి. నడివయస్సు వచ్చిన వర్తకునికి దానిని నేర్పవచ్చునా? మెక్లెలాండ్ నేర్పవచ్చుననెను. నిరూపించుటకు ఒక పట్టణము కావలసి వచ్చెను. కాకినాడ దొరకెను.

కాకినాడకు వ్యాపారము క్రొత్త కాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట గోదావరి డెల్టాను ధాన్యాగారముగ మార్చగా, కాలువలపై పడవలు ఆ సిరిని రేవునకు చేర్చినవి. 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ అక్కడ జరిగెను. 1933లో విశాఖపట్టణపు హార్బరు తెరువబడిన పిమ్మట కాకినాడ రేవు వైభవము కొంత తగ్గెను. 1960వ దశకము నాటికి లక్ష జనాభా దాటిన పట్టణమది. కళాశాలలు కలవు, చుట్టును పంట కలదు, డబ్బు కలదు. కాని ఆ డబ్బు భూమి, బంగారము, వడ్డీ, పాతకొట్టు అను నాలుగు వాకిళ్ళలోనే తిరుగుచుండెడిది. తండ్రి అమ్మిన సరుకునే కొడుకు అమ్మును. తండ్రి కూర్చున్న పరుపుమీదనే కొడుకు కూర్చుండును. తప్పు పట్టవలసిన పని యేమియు లేదు. తరతరములుగా ఆ పరుపు వారిని పోషించినది.

1964లో సియెట్ సంస్థ కాకినాడనుండి వ్యాపారులను, చిన్న పరిశ్రమల యజమానులను హైదరాబాదునకు పిలిచెను. జట్లుజట్లుగా 52 మంది వచ్చిరి. ఒక్కొక్క జట్టునకు సుమారు పది దినముల శిక్షణ. వారికి అప్పు ఇచ్చుట లేదు. లైసెన్సు ఇప్పించుట లేదు. యంత్రము చూపించుట లేదు. లైసెన్సు లేనిదే చీమ కదలని ఆ రోజులలో, ఒక సర్కారు సంస్థ పిలిచి ఏమియు ఇవ్వక పంపుట వింతయే. కథలు వ్రాయుడని, ఆటలాడుడని, మీ జీవితమును మీరే తరచి చూచుకొనుడని మాత్రమే చెప్పిరి. కొట్టును విడచి, ఇంటిని విడచి, ఫోను మ్రోగని చోట పది దినములు కూర్చుండుటయే అందు పలువురికి జన్మలో మొదటిసారి అయియుండును.

శిక్షణలో కీలకము చివర వచ్చెడిది. ఒక్కొక్కడు రాబోవు రెండేండ్లలో తన వ్యాపారమున ఏమి సాధింపదలచెనో కాగితముపై పెట్టవలెను. ‘వ్యాపారము వృద్ధి చేయుదును’ అను వ్రాత చాలదు. అది పంచాంగములోని శుభఫలము వంటిది, ఎవరికైన సరిపోవును. ఏ పని, ఎంత, ఏ గడువులోగా, అడ్డువచ్చు చిక్కు లేవి, ఎవరి సాయము కావలెను అని నిర్దిష్టముగ వ్రాయవలెను. దూరము మితిమీరినను, మరీ దగ్గరైనను గురువులు హెచ్చరింతురు. అంకెను మాత్రము వారు చెప్పరు. పిమ్మట ఆరు నెలల కొకసారి తన అంకెను తానే తిరిగి చూచుకొని, ఎంత వచ్చినదో వ్రాసి తెలుపవలెను. గురువు తనిఖీదారు కాడు. తప్పినవానికి మెమో రాదు.

ఫలితమును కొలుచుటలోను వారు జాగ్రత్త వహించిరి. శిక్షణ పొందినవారు బాగుపడిరని మాత్రము చెప్పిన చాలదు; కాలమే బాగున్నచో అందరును బాగుపడుదురు. అందుచేత శిక్షణ పొందనివారినికూడ పోల్చి చూచిరి. కాకినాడకు సాటిగ, గోదావరి జిల్లాలదే యగు రాజమహేంద్రవరమును ఎంచుకొనిరి. తమిళదేశమందలి వెల్లూరులోను ఇట్టి శిక్షణ జరిపిరి. శిక్షణకు ముందు రెండేండ్లు, తరువాత రెండేండ్లు ఒక్కొక్క వ్యాపారి ఏమేమి చేసెనో విచారించి తెలిసికొనిరి. క్రొత్త సరుకు తెచ్చెనా, క్రొత్త వ్యాపారము పెట్టెనా, పెట్టుబడి పెంచెనా, పనివారిని చేర్చుకొనెనా అని. మెక్లెలాండ్, అతని సహచరుడు డేవిడ్ వింటర్ 1969లో గ్రంథముగ ప్రకటించిన లెక్కల ప్రకారము, శిక్షణకు పూర్వము చురుకుగ వ్యాపారమును విస్తరింపజేయుచున్నవారు నూటికి 18 మంది. శిక్షణ తరువాత 51 మంది. శిక్షణ లేనివారిలో ఆ సంఖ్య 22 నుండి 25కు మాత్రమే పెరిగెను.

ఈ అంకెల వెనుక మరి రెండు విశేషములు కలవు. అవి అంకెలకంటె విలువైనవి.

మొదటిది. హిందూ సంప్రదాయము, కర్మసిద్ధాంతము, కులాచారము, ఉమ్మడికుటుంబము భారతీయుని ముందునకు పోనీయవని పాశ్చాత్యులలో బలమైన అభిప్రాయ ముండెను. మన చదువుకొన్నవారిలోను కొందరు ఆ మాటనే చిలుకవలె పలికెడివారు. కాకినాడ విచారణలో అది నిలువలేదు. నొసట బొట్టుపెట్టి, పూజ చేసికొని, మడికట్టుకొన్న వర్తకుడు లక్ష్యమును వ్రాసికొని నెరవేర్చుకొనుటలో ఎవరికిని తీసిపోలేదు. విశ్వాసములను మార్చుకొనుమని శిక్షణలో ఎవరును వారి నడుగలేదు. మార్చుకొనవలసిన అవసరమును కలుగలేదు.

రెండవది. శిక్షణ అందరియందును సమానముగ పనిచేయలేదు. వ్యాపారము నిజముగ తమ చేతిలో నున్నవారిలో, అనగా నిర్ణయము చేయు అధికారము గలవారిలో, మార్పు స్పష్టముగ కనబడెను. తండ్రియో, అన్నయో, భాగస్వామియో పగ్గములు పట్టుకొనియుండగా శిక్షణకు వచ్చినవారిలో అంతగా కనబడలేదు. వారికిని ఉత్సాహము కలుగకపోలేదు, లక్ష్యము వ్రాసికొనకపోలేదు. ఇంటికి పోయిన పిమ్మట తాళపుచెవి మరియొకరి మొలలో నున్నది.

లోపములును చెప్పవలెను. పిలిచిన వెంటనే పది దినములు కొట్టు విడచి రాగలవాడు అప్పటికే కొంత చొరవ గలవాడు. 52 మందితో ఒక పట్టణపు తలవ్రాత మారదు. శిక్షణ పొందిన వారందరును నెగ్గలేదు. తరువాతి పండితులు ఈ ప్రయోగమును ఎన్నో విధముల విమర్శించిరి. కథలను బట్టి మనస్సును కొలుచుట ఎంతవరకు నమ్మదగినది అను వాదము నేటికిని తేలలేదు. అయినను, తన అంకెను తానే వ్రాసికొని, తానే చూచుకొను మనుష్యుని గూర్చి మన దేశమున జరిగిన పరీక్షలలో ఇంతటి శ్రద్ధతో జరిగినవి అరుదు.

సరిగా ఆ సంవత్సరములలోనే ఢిల్లీలో మరియొక లక్ష్యపద్ధతి వేళ్ళూనుచుండెను. 1966లో ఆరోగ్య మంత్రిత్వశాఖలో కుటుంబనియంత్రణకు ప్రత్యేక విభాగ మేర్పడెను. ఆ నాటినుండి ఏ రాష్ట్రమున ఎన్ని శస్త్రచికిత్సలు జరుగవలెనో కేంద్రమే అంకెలు పంపుట మొదలైనది. రాష్ట్రము జిల్లాకు, జిల్లా బ్లాకుకు, బ్లాకు ఆరోగ్య కార్యకర్తకు ఆ అంకెను పంచిపెట్టుదురు. జనాభాను గూర్చిన ఆందోళన అబద్ధము కాదు. అంకెయు లెక్కప్రకారము సరియైనదే. కాని ఆ అంకె ఎవని శరీరమును గూర్చినదో, వానిని ఎవరును అడుగలేదు.

1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చిన పిమ్మట ఆ పద్ధతికి కోరలు మొలిచినవి. 1976–77 సంవత్సరమునకు దేశమంతటికి నిర్ణయించిన లక్ష్యము 43 లక్షల శస్త్రచికిత్సలు. జరిగినవి 80 లక్షలకు మించినవి. ఢిల్లీకి నిర్ణయించినది 29,000. జరిగినవి లక్షకు పైబడినవి. పట్టికలో చూచినచో ఇంతటి జయము ఏ ప్రణాళికలోను లేదు. ఢిల్లీలో ఉపాధ్యాయులకు, చిన్న ఉద్యోగులకు ‘కేసులు’ తెచ్చు బాధ్యత నప్పగించిరి. కేసు తెచ్చినవానికి ‘మోటివేటర్’ అని పేరు. హైదరాబాదు శిక్షణలో ‘మోటివేషన్’ అనగా మనుష్యుడు తనలోని పట్టుదలను తాను మేల్కొలుపుకొనుట; ఢిల్లీ వీధులలో అదే మాటకు అర్థము, మరియొకనిని చేయిపట్టి శస్త్రచికిత్సకు తెచ్చుట.

కొల్లగొట్టిన గుడిసెలకు బదులుగా ఢిల్లీ శివార్లలో ఇంటిస్థలము కావలెనన్నచో, ఆపరేషను ధ్రువపత్రము చూపవలసి వచ్చెను. యమునకు తూర్పున గల వెల్‌కమ్ కాలనీ దస్తావేజులను, అక్కడి ప్రజల జ్ఞాపకములను పరిశోధించి ఎమ్మా టార్లో అను ఆంగ్లేయ పరిశోధకురాలు 2003లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇంటిని నిలుపుకొనవలెనని తామే చికిత్స చేయించుకొన్నవారు కొందరు. డబ్బిచ్చి మరియొక నిరుపేదను పంపి, అతని పత్రముతో మోటివేటర్లయి గట్టెక్కినవారు మరి కొందరు. అంకె నిండెను; అంకెతోబాటు ఒక సంతయు వెలసెను. బరువు దిగిదిగి చివరకు ఎదురు చెప్పలేనివాని నెత్తిన పడెను.

ఢిల్లీకి దక్షిణమున, నేటి పల్వల్ జిల్లాలో, ఉటావడ్ అను గ్రామము కలదు. 1976 నవంబరులో ఒక తెల్లవారుజామున పోలీసులు ఆ గ్రామమును చుట్టుముట్టి పురుషులను పట్టుకొనిపోయిరి. వారిలో పలువురికి బలవంతముగ శస్త్రచికిత్స జరిగెను. తరువాత విచారణ జరిపిన షా కమిషను ఎదుటకు ఆ గ్రామపు కథ వచ్చెను. 1977 మార్చి ఎన్నికలలో ఉత్తరాది ఓటర్లు ఇచ్చిన తీర్పునకు ఈ అంకెల బాధ ఒక ముఖ్య కారణమని చరిత్రకారులు పలువురు అంగీకరింతురు. కుటుంబనియంత్రణ అను మాటయే చెడినదైపోగా, దానిని కుటుంబసంక్షేమముగ మార్చిరి. పైనుండి అంకెలు పంపు పద్ధతిని వదలుటకు మాత్రము మరి 19 ఏండ్లు పట్టెను. 1996 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము దేశమంతట ఆ లక్ష్యములను ఎత్తివేసెను.

కాకినాడ పాఠము ఈలోగా నిలిచిపోలేదు. మెక్లెలాండ్ పద్ధతిని భారతదేశమున విస్తరింపజేసిన వారిలో ఉదయ్ పరీక్ ప్రముఖుడు. ఆయనతో కలసి పనిచేసిన తెలుగువారు టి.వి. రావుగారు. 1970వ దశకము నడుమ వీరిరువురు లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి ఉద్యోగుల పనితీరును మదింపుచేయు క్రొత్తపద్ధతిని రూపొందించిరి. అంతవరకు మదింపనగా పైఅధికారి తలుపు మూసికొని వ్రాయు రహస్య నివేదిక. ఈ పద్ధతిలో ఉద్యోగియు, అధికారియు ఏడాది మొదట కూర్చుండి ఏయే పనులు ముఖ్యమో, ఎంత సాధ్యమో మాటాడుకొందురు, మధ్యలో చూచుకొందురు, తప్పినచో కారణము వెదకుదురు. మన దేశపు పెద్ద కంపెనీలు పలు ఆ దారినే పట్టినవి.

సర్కారు కొంత ఆలస్యముగనైనను కదలెను. అఖిలభారత సర్వీసులకు 2007లో వచ్చిన నియమములలో, సంవత్సరారంభముననే అధికారియు, నివేదిక వ్రాయువాడును కలసి ఒప్పుకొన్న పనిప్రణాళికకు చోటు దొరకెను. అంతకుముందు చెడ్డవ్రాత లున్నప్పుడు తప్ప ఉద్యోగికి చూపని రహస్య నివేదిక, కొద్దికాలములోనే ఇతర కేంద్రోద్యోగులకును పూర్తిగ చూపబడసాగెను. అయినను ‘కలసి ఒప్పుకొనుట’ అను గడిలో ఏమి వ్రాయబడునో అది ఆ గదిని బట్టి, ఆ మనుష్యులను బట్టి యుండును. కొన్నిచోట్ల నిజముగ మాటాడుకొందురు. కొన్నిచోట్ల గత సంవత్సరపు కాగితమును చూచి క్రొత్త తేదీ వేయుదురు. ఇది ఢిల్లీలో పనిచేసిన వారెవరికిని వివరింప నక్కర లేదు. అంకెలకు పుట్టినిల్లయిన ప్రణాళికా సంఘము 2014లో రద్దు నిర్ణయమునకు గురియై, 2015 జనవరి 1వ తేదీన నీతి ఆయోగ్‌కు చోటిచ్చెను. పన్నెండవ ప్రణాళిక 2017 మార్చితో ముగిసెను. లక్ష్యములు మాత్రము ఎక్కడికిని పోలేదు. 2018లో వెనుకబడిన జిల్లాలకై ఆరంభించిన పథకమున జిల్లాల ర్యాంకులు లెక్కకట్టి బహిరంగముగ ప్రకటించుట మొదలైనది.

కాకినాడ వర్తకులు హైదరాబాదులో నేర్చిన విద్య చివరకు ఢిల్లీ ముంగిటికే తిరిగి వచ్చెను. గుజరాతులో 1970లో పరిశ్రమలు పెట్టగోరు క్రొత్తవారికి శిక్షణ మొదలైనప్పుడు దానిలో మెక్లెలాండ్ పద్ధతి యొక అంగ మాయెను. 1983లో కేంద్రప్రభుత్వము అట్టి శిక్షణకై కొత్తఢిల్లీలో ఒక జాతీయ సంస్థను స్థాపించెను. అది నేడు నోయిడాలో 62వ సెక్టారునందున్నది. ఇట్టి శిక్షణ శిబిరములలో రింగుల ఆట నేటికిని ఆడింతురు. గుంజను పాతువాడు గురువు. ఎంత దూరమున నిలువవలెనో శిష్యుడు చెప్పును.